తాటాకు నుంచి కాగితానికి: సి.పి. బ్రౌన్

పాఠ్యభాగ ఉద్దేశం: శిథిలమవుతున్న తెలుగు గ్రంథాలను తాళపత్రాల నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు చేర్చి భావితరాలకు దక్కేటట్లు చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితాన్ని, ఆయన పనిచేసిన పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

మనిషి తన జ్ఞానాన్ని ఏదో ఒక ఆధారం మీద నిలుపుకొంటాడు. ఆ ఆధారం శాశ్వతం కాదు. మార్కాపురం పలక మీద బలపంతో వ్రాసిన అక్షరం తడిచేతితో తుడిస్తే పోతుంది. శిలమీద చెక్కిన అక్షరం వందల ఏండ్లు నిలుస్తుంది కాని, దానిని మరొక చోటికి మోసుకొని పోలేము. తాటాకు ఈ రెండింటికీ నడిమి స్థితి. ఎక్కడికైనా తీసుకొని పోవచ్చు. జాగ్రత్తపడితే కొన్ని తరాలు నిలుస్తుంది. ఆ తరాలు గడిచిన తరువాత ఎవరో ఒకరు దానిని చూసి మరొక తాటాకు మీద ఎత్తి వ్రాయాలి. వ్రాసేవాడు లేని నాడు ఆకుతోపాటు కావ్యమూ నశిస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో తెలుగు సాహిత్యంలో అధిక భాగం ఇటువంటి అపాయపు అంచున నిలిచింది. అప్పుడు దానికి అండగా నిలిచిన వారిలో అగ్రగణ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు నేర్చిన విద్వాంసుడు. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల నిర్వహణలో ఆయన ప్రముఖ పాత్ర వహించాడు. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. ఈస్టిండియా కంపెనీ తన కొలువులో చేరబోయే యువకులకు శిక్షణ ఇవ్వడానికి నెలకొల్పిన హెయిలీబరీ కళాశాలలో బ్రౌన్ చదివాడు. 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగేనాటికి ఆయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

మద్రాసులోని ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాలలో కంపెనీ ఉద్యోగులు దేశభాషలు నేర్చి, పరీక్షలో నెగ్గితేనే జిల్లాలకు వెళ్ళేవారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద బ్రౌన్ తెలుగు అభ్యసించాడు. 1820లో పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ సంవత్సరమే మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మన్రో ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు మేలు చేయలేడని నమ్మినవాడు. ఆ విశ్వాసం బ్రౌన్ మనస్సులోనూ బలంగా నాటుకొంది.

1820లో బ్రౌన్ కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడుగా నియమితుడయ్యాడు. నాటి కడప జిల్లా నేటి కన్న విశాలమైనది. వెలికొండలకు, నల్లమలకు నడుమ ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలు అందులో భాగాలు; 1858లోగాని అవి కర్నూలు జిల్లాలో చేరలేదు. పొరుగున ఉన్న కనిగిరి సీమ నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాలన్నీ ఒక్క జిల్లా గొడుగు కిందికి వచ్చాయి. అందువల్ల బ్రౌన్ తెలుగు మాట్లాడడం నేర్చినది ఈ సీమల ప్రజల నోటనే అని చెప్పవచ్చు. కచేరీకి వచ్చే రైతులు, కరణాలు, వర్తకులు ఆయనకు తొలి గురువులు. పుస్తకంలో చదివిన తెలుగుకు, కచేరీలో వినే తెలుగుకు మధ్య గల దూరాన్ని ఆయన అప్పుడే గమనించాడు. తరువాతి కాలంలో ఆయన కూర్చిన నిఘంటువుకు బీజం ఇక్కడే పడింది.

ఆ రోజులలో గ్రంథం అంటే తాటాకుల కట్ట. ఎండబెట్టి పదును చేసిన ఆకు మీద ఇనుప గంటంతో అక్షరాలను గీచి, ఆ గీతలలో మసి పూసి తుడిస్తే వ్రాత కంటికి కనిపించేది. ఆకులకు రంధ్రం చేసి, దారం గుచ్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి బిగించి కట్టేవారు. తేమ తగిలితే బూజు, ఆదమరిస్తే చెద, ఏమీ లేకపోయినా కాలక్రమంలో ఆకు పెళుసుబారడం తాళపత్రానికి సహజ శత్రువులు. అంచులు విరిగితే పంక్తుల మొదళ్ళు, చివళ్ళు పోయేవి. దారం తెగితే ఆకుల వరుస తప్పేది. వ్రాతలో పదాల మధ్య ఎడం ఉండేది కాదు. పద్యాన్ని పాదాలుగా విరిచి వ్రాసే అలవాటూ లేదు. అర్థం తెలియని లేఖకుడు ఒక అక్షరం పొరబడితే, ఆ ప్రతిని చూసి వ్రాసిన ప్రతులన్నింటికీ ఆ తప్పు సంక్రమించేది. అచ్చు యంత్రాలు మద్రాసులో ఉన్నా, అచ్చయిన తెలుగు పుస్తకాలు వేళ్ళమీద లెక్కించదగినవే. కావ్యాలను ఆదరించే సంస్థానాలు ఒక్కొక్కటే క్షీణించడంతో ప్రతులను ఎత్తి వ్రాయించే పోషకులు కరువయ్యారు.

1822లో బ్రౌన్ మచిలీపట్నానికి, 1825లో రాజమండ్రికి బదిలీ అయ్యాడు. 1824లో ఆయన ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ హిందువుల ఆచార వ్యవహారాలను గురించి వ్రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన చూశాడు. ఆ పద్యాలు సామాన్య జనుల నాలుకల మీద ఉన్నాయి కాని, పండితులు వాటిని కావ్యగౌరవానికి తగినవిగా భావించలేదు. బ్రౌన్ వేమన పద్యాల వ్రాతప్రతులను దొరికినన్ని సేకరించాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరొక దానిలో లేదు. ఉన్న పద్యాలలోనూ పాఠాలు వేరు. వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, తిప్పాభొట్ల వేంకటశివశాస్త్రి వంటి పండితుల సహాయంతో ఆయన వాటిని పోల్చి చూసి, 693 పద్యాలను ఎన్నుకొని, ఆంగ్లానువాదంతో 1829లో మద్రాసులో ప్రచురించాడు. అంతకు రెండేండ్ల ముందే, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సులను గురించిన ఆయన గ్రంథం వెలువడింది.

1826లో మరల కడపకు వచ్చిన బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొన్నాడు. దాని ఆవరణలో పండితులకు, లేఖకులకు వసతి కల్పించి, తన స్వంత జీతం నుంచి వారికి వేతనాలు చెల్లించాడు. జనులు దానిని బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు. అది పాఠాలు చెప్పే కళాశాల కాదు. గ్రంథాలకు చికిత్స చేసే వైద్యశాల వంటిది.

అక్కడ అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ఒక కావ్యాన్ని చేపడితే, ముందుగా ఊరూరికీ మనుషులను పంపి దాని ప్రతులను సాధ్యమైనన్ని తెప్పించేవాడు. ఒకే ఒక ప్రతిని నమ్ముకొని పని మొదలుపెట్టేవాడు కాదు. వాటి ఆధారంగా లేఖకుల చేత కాగితం మీద ఒక శుద్ధప్రతి వ్రాయించేవాడు. అందులో ప్రతి పద్యానికీ వరుస సంఖ్య వేయించి, పాఠభేదాలను గుర్తించడానికి ఖాళీ స్థలం విడిచిపెట్టించేవాడు. తరువాత ఒక్కొక్క ప్రతిని తీసుకొని పద్యం వెంట పద్యం సరిపోల్చి, తేడా కనిపించిన చోటనెల్లా ఆ పాఠాన్ని ఎదుట వ్రాయించేవాడు. ఇన్ని పాఠాలలో ఏది సరియైనదో నిర్ణయించడానికి వ్యాకరణం, ఛందస్సు, సాహిత్యం బాగుగా తెలిసిన పండితులు కూర్చుండి చర్చించేవారు. ఛందస్సుకు సరిపడని పాఠం, అర్థానికి పొసగని పాఠం తొలగిపోయేవి. కుదిరిన పాఠాన్ని మరల తేటగా వ్రాయించి, టీకా కూర్పించి, పద్యాల మొదటి పదాలకు అకారాది సూచిక తయారు చేయించి, పుస్తకంగా బైండు చేయించి భద్రపరిచేవాడు.

ఈ క్రమంలో ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది. ప్రతులు అనేకం ఉంటే ఒకదానిలో విరిగిపోయిన భాగం మరొకదానిలో దొరుకుతుంది. సంఖ్యలు వేస్తే ఏ పద్యం తప్పిపోయిందో వెంటనే తెలుస్తుంది. పాఠభేదాలను కొట్టివేయక పక్కన నిలిపితే, నేటి నిర్ణయం పొరపాటని తోచిన నాడు రేపటి పండితుడు దానిని సరిదిద్దగలడు. బ్రౌన్ చేయించిన నిర్ణయాలన్నింటినీ తరువాతి పరిష్కర్తలు అంగీకరించలేదు. అయితే అంగీకరించకపోవడానికి అవసరమైన సామగ్రిని సైతం చాలావరకు ఆయనే సమకూర్చి పెట్టాడు.

ఈ పనికి ప్రభుత్వ ధనం స్వల్పంగానే అందింది. పండితుల జీతాలు, కాగితం, బైండు ఖర్చులు, ప్రతుల కొనుగోలు అన్నీ బ్రౌన్ భరించాడు. జీతం చాలక అప్పులు చేశాడు. వాటికి వడ్డీలు కట్టాడు. కడపలో, మచిలీపట్నంలో పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు కూడా నడిపాడు. వివాహం చేసుకొనలేదు. గ్రంథాలే ఆయన సంసారం.

1832–33 సంవత్సరాలలో గుంటూరు సీమను ఘోరమైన క్షామం పీడించింది. ప్రజలు దానిని డొక్కల కరువు అన్నారు. అధికారులు కొందరు దానిని ధాన్యపు కొరతగా మాత్రమే పేర్కొనదలచగా, అక్కడ ఉన్న బ్రౌన్ కరువును కరువనే వ్రాశాడు. పదాల అర్థాలను తూచి వాడడం అలవాటైన మనిషి అక్కడ మాత్రం మెత్తని మాట వెదకలేదు. పైవారికి అది రుచించలేదు. 1834లో ఆయన ఉద్యోగం కోల్పోయి లండనుకు వెళ్ళవలసి వచ్చింది.

ఆ దుస్థితి తెలుగుకు మేలే చేసింది. లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు 2 వేలకు పైగా చదివేవారు లేక పడి ఉండడం బ్రౌన్ చూశాడు. ఆ లిపులు తెలిసినవారు అక్కడ లేరు. తెలిసినవారున్న దేశానికి అవి వేల మైళ్ళ దూరంలో ఉన్నాయి. ఆయన వాటిని పరిశీలించి, సంస్కృత పండితుడు హోరేస్ విల్సన్ సహకారంతో మద్రాసు సాహిత్య సంఘ గ్రంథాలయానికి చేరవేయించాడు. భద్రంగా దాచిన గ్రంథమైనా చదవగలవారి చేతికి అందకపోతే పోయినదానితో సమానమే అని ఈ ఉదంతం తెలుపుతుంది.

1838 నాటికి బ్రౌన్ మరల మద్రాసు చేరుకొన్నాడు. మొదట పారశీక భాషానువాదకుడుగా, అనంతరం పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశాడు. ఆ కాలంలో ఆయన దృష్టి కర్నల్ కాలిన్ మెకంజీ సేకరణల మీద పడింది. స్కాట్లండుకు చెందిన మెకంజీ కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా చేరి, మైసూరు, దత్తమండలాల సర్వేలు నిర్వహించి, భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మెకంజీకి కుడిచేతులు. వారు, వారి అనుచరులు గ్రామాలు తిరిగి, కరణాల వద్ద ఉన్న దండకవిలెలను చూసి, పెద్దలను విచారించి గ్రామచరిత్రలు వ్రాసుకొన్నారు. వాటినే కైఫీయత్తులు అంటారు. ఏ ఊరిని ఎవరు కట్టించారు, చెరువు ఎవరు త్రవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు మొదలైన విశేషాలు వాటిలో ఉన్నాయి. మెకంజీ 1821లో మరణించాడు. 1828 తరువాత ఈ సేకరణలలో దక్షిణదేశ భాగం మద్రాసుకు చేరింది.

అవి కాగితం మీద వ్రాసినవే. అయినా ముప్పై, నలభై ఏండ్లకే శిథిలం కాసాగాయి. సిరా తిన్న కాగితం చిల్లులు పడింది, పురుగు పట్టింది. తాటాకు నుంచి కాగితానికి మారిస్తే గ్రంథం శాశ్వతమైనట్లేనని భావించిన వారికి ఇది ఒక హెచ్చరిక. బ్రౌన్ ఆ కైఫీయత్తులను గట్టి కాగితం మీద మరల ఎత్తి వ్రాయించి, పెద్ద సంపుటాలుగా బైండు చేయించాడు. చరిత్రకారులు లోకల్ రికార్డ్స్ అని వ్యవహరించే సంపుటాలు ఇవే. మూలప్రతులలో చెడిపోయిన భాగాలను నేటి పరిశోధకులు వీటి సహాయంతో పూరించుకొంటున్నారు. తమ గ్రామం పూర్వవృత్తాంతం తెలుసుకోదలచిన రాయలసీమ వాసులకు వీటి విలువ చెప్పనలవి కానిది.

ఎత్తి వ్రాయించిన గ్రంథాలలో కొన్నింటిని బ్రౌన్ అచ్చుకెక్కించాడు. 1844లో వసుచరిత్ర, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యానంతో మనుచరిత్ర వెలువడ్డాయి. ఒక వ్రాతప్రతి నశిస్తే గ్రంథానికి అపాయం. అచ్చయిన వందల ప్రతులలో కొన్ని నశించినా గ్రంథం నిలుస్తుంది. అచ్చు ఇచ్చిన అసలైన రక్షణ ఇదే.

అయితే గ్రంథం నిలిచినంత మాత్రాన చదువరికి అందదు. దానిని విప్పి చెప్పే సాధనాలు కావాలి. ఈ సత్యాన్ని ఎరిగిన బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించాడు. ఎన్నో ఏండ్లుగా కూర్చుతూ వచ్చిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు దాని వెంటనే వచ్చింది. కచేరీలలో, వ్యాపారంలో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువును కూడా జతచేశాడు. పూర్వపు పద్యనిఘంటువులు కవుల పదాలకే పరిమితం కాగా, బ్రౌన్ తన నిఘంటువులో రైతు నోటి మాటకూ, ఇల్లాలి నోటి మాటకూ చోటిచ్చాడు. కావ్యాల నుంచి ఉదాహరణలు ఎత్తి చూపడానికి కడప బంగళాలో తయారైన శుద్ధప్రతులు, సూచికలు ఆయనకు తోడ్పడ్డాయి. ఒక పని మరొక పనికి ఆధారమయింది.

అనారోగ్యం వల్ల 1855లో బ్రౌన్ ఉద్యోగం విడిచి లండను చేరుకొన్నాడు. అక్కడా తెలుగును మరువలేదు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా వ్యవహరించాడు. తన సాహిత్య జీవితాన్ని గురించి ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. 1884 డిసెంబరు 12వ తేదీన ఎనభై ఆరేండ్ల వయస్సులో కన్నుమూశాడు. ఆయన సమాధి లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది.

బ్రౌన్ సేకరించిన ప్రతులు ఆయన తరువాత కూడా ప్రయాణం చేశాయి. 1869లో ఏర్పడిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి మెకంజీ సేకరణలు, లండను నుంచి వచ్చిన ప్రతులు, బ్రౌన్ సేకరణలు మూలధనమయ్యాయి. కడపలో ఆయన నివసించిన బంగళా కాలగర్భంలో కలిసిపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలైనవారి అవిరళ కృషితో ఆ స్థలంలో బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలిసింది. అనంతరం అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమయింది. 

నేటి విద్యార్థి తాటాకును, గంటాన్ని ఎరుగడు. అతని వ్రాతలు, చిత్రాలు, పాటలు కంప్యూటరులోని హార్డ్ డిస్కులో ఉంటాయి. ఆధారం మారినా ధర్మం మారలేదు. ఫ్లాపీ వెళ్ళి సీడీ వచ్చింది; తిరిగే పళ్ళెంతో పనిచేసే హార్డ్ డిస్కు స్థానంలోకి సాలిడ్ స్టేట్ డ్రైవ్ వచ్చింది. ఏ డ్రైవ్ అయినా కొంతకాలానికి చెడిపోక తప్పదు. అందుచేత పాతది పనిచేస్తూ ఉండగానే అందులోని సమస్తాన్నీ కొత్తదానిలోకి మార్చుకోవాలి. ఫైళ్ళను మాత్రమే తరలిస్తే చాలదు. వాటిని తెరిచి చూపే ఆపరేటింగ్ సిస్టం కూడా సక్రమంగా తరలితేనే యంత్రం కొత్త డ్రైవ్ నుంచి మేల్కొంటుంది. మార్చిన పిదప మూలంతో సరిచూడాలి. కొత్తది నిజంగా పనిచేస్తున్నదని నిశ్చయించుకొనేదాకా పాతదానిని చెరిపివేయరాదు. ఒక నకలును వేరొక చోట దాచాలి. అనేక ప్రతులు సేకరించడం, సంఖ్యలు వేసి సరిచూడడం, పాఠభేదాలను నిలిపి ఉంచడం, చదవడానికి వ్యాకరణ నిఘంటువులను తోడివ్వడం అనే బ్రౌన్ పద్ధతి ఇంతకు భిన్నమైనది కాదు. రెండింటిలోనూ యంత్రం కన్న, కాగితం కన్న ముఖ్యమైనది మనిషి శ్రద్ధ.

మన పల్లెలలో నేటికీ కొన్ని ఇండ్ల అటకల మీద తాటాకు కట్టలు, పాత దస్తావేజులు, తాతల చేతివ్రాత పుస్తకాలు ఉన్నాయి. వానకు ఒక చినుకు, ఏడాదికి ఒక పురుగు వాటిని కొంచెం కొంచెంగా హరిస్తూనే ఉన్నాయి. వాటిని దించి, దుమ్ము దులిపి, చదవగలవారికి చూపించి, నకలు తీయించడానికి పాండిత్యం అవసరం లేదు, పూనిక చాలు. తెలుగు మాతృభాష కాని ఒక ఉద్యోగి తన జీతం వెచ్చించి, అప్పులపాలై చేసిన పనిలో ఎంతో కొంత చేయడం ఆ భాషలో పుట్టి పెరిగిన వారికి విధి.

కఠిన పదాలకు అర్థాలు

అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు
శుద్ధప్రతి = తప్పులు లేకుండా తేటగా వ్రాసిన ప్రతి
పాఠభేదం = ఒకే గ్రంథం ప్రతులలో కనిపించే పదాల తేడా
పరిష్కర్త = గ్రంథంలోని దోషాలను సరిదిద్దేవాడు
దండకవిలె = కరణాలు తరతరాలుగా వ్రాసి ఉంచిన గ్రామ లెక్కల, వివరాల పుస్తకం
కైఫీయత్తు = గ్రామ చరిత్రను తెలిపే వ్రాత
అన్యదేశ్యం = ఇతర భాషల నుంచి వచ్చి చేరిన పదం
అవిరళం = ఎడతెగనిది

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కడపలో బ్రౌన్ గ్రంథ పరిష్కరణకు అనుసరించిన పద్ధతిని వివరించండి.
2. గ్రంథాలను ఒక ఆధారం నుంచి మరొక ఆధారానికి మార్చవలసిన అవసరాన్ని పాఠం ఆధారంగా నిరూపించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తాళపత్ర గ్రంథాలకు కలిగే అపాయాలు ఏవి?
2. లండనులో బ్రౌన్ తెలుగుకు చేసిన మేలు ఏది?
3. లోకల్ రికార్డ్స్ ఎట్లా ఏర్పడ్డాయి?
4. బ్రౌన్ నిఘంటువు ప్రత్యేకత ఏమిటి?